వంచిన తల

రేపల్లెలో సుందరమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. చదివింది మూడో తరగతే అయినా, తప్పు కనిపిస్తే హెడ్మాస్టర్నే కడిగిపారేసేది. పెనుమూడి రేవులో లాంచీ నడిపిన భర్త లాజరు మాత్రం ఆమె ఎన్ని అన్నా నవ్వి ఊరుకునేవాడు. అలాంటి మనిషిని సమాధిలోకి దించిన రోజున, కన్నకొడుకు డేనియల్ పిడికెడు మట్టి వెయ్యబోతే సుందరమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నువ్వెయ్యొద్దురా. విమానం వెనక్కి తెచ్చేసరికి ఇరవయ్యొక్క నిమిషాలు చేశావు. మీ నాన్న చివరిదాకా నా చెయ్యి పట్టుకుని కొట్టుకున్నాడు. తలుపు తీసే ముందు పోయాడు."

పాస్టరుగారితో సహా అందరూ విన్నారు. డేనియల్ గుప్పిట్లోని మట్టిని అక్కడే వదిలేసి పక్కకు తప్పుకున్నాడు.

ఆ విమానం నడిపింది డేనియలే. అమ్మానాన్నల్ని తను నడిపే విమానంలో ఒక్కసారన్నా తిప్పాలని వాడి కోరిక. గన్నవరంలో ఎక్కించాడు. నేల విడిచిన కాసేపటికే ఎడమ పక్క ఇంజను పిడుగు పడ్డట్టు మోగి చెడిపోయింది. మిగిలిన ఒక్క ఇంజనుతోనే వెనక్కి తెచ్చి దింపాడు. నూట అరవై మంది సంచుల కోసం తోసుకుంటూ దిగారు. లాజరు ఒక్కడే దిగలేదు.

రెండు నెలల తర్వాత బాపట్ల నుంచి కోడలు లిడియా ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఆయన ఉద్యోగం మానేస్తానని కాగితం రాశారండి. విచారణలో ఆయన తప్పేం లేదన్నారు. అయినా తిండీ నిద్రా లేవు. మీరొక్కసారి మాట్లాడండి."

"నేనేంటి మాట్లాడేది? వాడికి నోరు లేదా?" అని పెట్టేసింది. పెట్టేసిందే గాని, ఆ రాత్రే సంచీ సర్దుకుంది.

మర్నాడు పొద్దున్నే తెనాలి బండెక్కింది. తెనాలిలో మారాలి. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, చెప్పాల్సిన మాటను లోలోపల నాలుగుసార్లు అనుకుని చూసింది. నాలుగుసార్లూ సగంలోనే ఆగింది. వచ్చిన దారినే రేపల్లె పోదామా అని కూడా అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఒకరి ముందు తప్పు ఒప్పుకున్న మనిషి కాదు మరి. అయినా బాపట్ల బండి రాగానే ఎక్కేసింది.

డేనియల్ వరండాలో కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. ముందున్న కాగితం నిండా నిమిషాలు, వాటి పక్కన గీతలు.

"ఏంట్రా ఆ పిచ్చిగీతలు?"

"ఎక్కడ ఆలస్యం చేశానా అని చూస్తున్నానమ్మా."

"అసలేం చేశావో నాకర్థమయ్యేట్టు చెప్పు."

వాడు తలెత్తకుండానే చెప్పాడు. ఒక ఇంజను చెడితే విమానం ఆ పక్కకే లాగేస్తుంది. కాలితో ఎదురు తొక్కి తిన్నగా పట్టుకోవాలి. వెంటనే వెనక్కి తిప్పకూడదు, ముందు ఎత్తుకు పోవాలి. తొందరపడితే చెడిపోయినదానికి బదులు బాగున్న ఇంజనును ఆపేసే ప్రమాదం ఉంది. అందుకే పక్క సీట్లోని పైలట్ మనీషాను "ఎడమదేనా?" అని అడిగి, ఆ అమ్మాయి చూసి "ఎడమదే" అన్నాకే దాన్ని పూర్తిగా ఆపాడు. తర్వాత, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో రాసిన పుస్తకంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ చేశారు.

"పుస్తకం అవతల పడేసి తిప్పేసుంటే ఎనిమిది నిమిషాలు కలిసొచ్చేవి. నాన్న బతికేవాడు."

గుమ్మంలో కోడలు నిలబడి వింటోందని తెలిసీ సుందరమ్మ మెట్టు మీద కూలబడింది.

"నా చెయ్యి పట్టుకుని కొట్టుకున్నాడన్నది అబద్ధంరా."

డేనియల్ తలెత్తాడు.

"ఆ చప్పుడుకి హడలిపోయి, 'తల వంచవయ్యా, ప్రార్థన చేద్దాం' అని నేను కళ్ళు మూసుకున్నా. మధ్యలో ఓసారి ఓరగా చూస్తే ఆయన తల వంచుకునే ఉన్నాడు. ప్రార్థనలో ఉన్నాడనుకున్నా. అటూ ఇటూ తిరిగే ఎయిర్‌హోస్టెస్ పిల్ల కూడా అలాగే అనుకుని కదిలించలా. కిందికి దిగాక జనం చప్పట్లు కొడుతుంటే, 'ఆమెన్ అనవేంటి, మొద్దు మనిషీ' అని మోచేత్తో పొడిచా. పక్కకి ఒరిగిపోయాడు. ఎప్పుడు పోయాడో నాకు తెలీదురా. పక్కనే కూర్చుని చూసుకోలా. ఆ మాట నలుగురిలో చెప్పుకోలేక నీ మీదకి తోసేశా."

వాడు అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

"అంతసేపూ ఏమని ప్రార్థన చేశావమ్మా?"

"నీ చెయ్యి వణక్కూడదని." "ఆయన కోసం ఒక్క ముక్క అడగలా. పక్కనే ఉన్నాడుగా అని."

లిడియా వచ్చి ఆ గీతల కాగితాన్నీ, దాని కిందున్న రాజీనామానూ తీసుకుని లోపలికి వెళ్ళింది. డేనియల్ అడ్డు చెప్పలేదు.

"అప్పుడు వణకలేదమ్మా," అన్నాడు.

ఇప్పుడు వణుకుతోంది. ఆ చేతిని సుందరమ్మ తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రేపు పొద్దున బండికి రేపల్లె పోదాం పద నాయనా. మీ నాన్నకి నువ్వింకా మట్టి వెయ్యలేదు."