ఏమీ జరగని బావి

విస్తట్లో గారెలు వడ్డిస్తుండగా నేల ఒక్కసారి కంపించింది. వరసగా పెట్టిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. కిటికీ అద్దం జివ్వుమంది. పంక్తిలో కూర్చున్నవాళ్ళెవరూ తల ఎత్తలేదు. సున్నపురాయి క్వారీల్లో మధ్యాహ్నం పూట మందు పేల్చడం, ఇళ్ళు ఓసారి ఉలిక్కిపడి సర్దుకోవడం జగ్గయ్యపేటలో మామూలే. నేను మాత్రం చెయ్యి ఆపి, ఆ కుదుపు ఎటు నుంచి వచ్చి ఉంటుందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆ పాడు అలవాటు నాకు అంటించిన మనిషికే ఆ రోజు పెద్దకర్మ. దండ వేసిన ఫోటోలో కూడా ఆయన ఏదో సందేహం తీరనట్టే చూస్తున్నారు.

ఆయన పేరు లక్ష్మీనరసింహం గారు. వేదాద్రి స్వామికి మొక్కుకున్నాక పుట్టారని ఆ పేరు పెట్టారట. మిర్చి, అపరాలు టోకున అమ్మే కుటుంబం. అన్నదమ్ములంతా కొట్లో కూర్చుంటే ఈయనొక్కరూ భూభౌతిక శాస్త్రం చదివి, సముద్రంలో గ్యాస్ వెతికే కంపెనీలో చేరారు. రాజమండ్రి ఆఫీసులో నేను ఉద్యోగానికి చేరేనాటికి ఆయన మా విభాగానికి పెద్ద. నాది నందిగామ అని తెలిసి "మా పక్కూరి పిల్లవే" అన్నారు. ఆయన అభిమానమంతా ఆ ఒక్క మాటతోనే ఖర్చైపోయినట్టుంది. తర్వాత ఎన్నడూ నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు.

మా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఓడ వెనక గొట్టాలు కట్టి, వాటిలోంచి నీళ్ళలోకి గాలిని పేలుస్తారు. ఆ శబ్దం సముద్రం అడుగున ఉన్న మట్టి పొరల్లోకి దిగి, ఒక్కో పొరను తాకి కొంత కొంత వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వనులన్నీ పట్టి కంప్యూటర్లో పేరిస్తే పొరల బొమ్మ తయారవుతుంది. గ్యాస్ ఉన్నచోట ఆ బొమ్మ బాగా మెరుస్తుంది. తంటా ఏమిటంటే, గ్యాస్ నిండుగా ఉన్నా మెరుస్తుంది, కాస్త ఉన్నా ఇంచుమించు అంతే మెరుస్తుంది, ఒక్కోసారి అసలు లేకపోయినా మెరుస్తుంది. ఇది నాకు చదువులో చెప్పారు గానీ బుర్రకెక్కలేదు. చేరిన మొదటి వారంలోనే తెర మీద ఒక మెరుపు చుట్టూ ఎర్రగా గీత గీసి, "ఇక్కడ గ్యాస్ ఉంది సార్" అన్నాను, ఏదో గెలిచినట్టు.

"ఉందని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మెరుస్తోంది కదా సార్."

"అయితే మెరుస్తోంది అని చెప్పు. మనం చూసింది అంతవరకే. అది ఇంకేం అయ్యుండొచ్చో ఆలోచించి రా."

ఆలోచించి వెళ్ళి చెప్పాను. "ఇంకా?" అన్నారు. ఇంకోటి చేర్చాను. "ఇంకా?" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మా నాన్న బస్తా మూతి విప్పి పైన కనపడే కాయ చూసి సరుకు కొనేవాడు కాదమ్మా. అడుగు నుంచి లాగి చూసేవాడు. మనకా వీలు లేదు. లాగి చూడాలంటే బావే తవ్వాలి. అందుకని నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలి" అన్నారు. ఆఫీసులో చాటుగా ఆయన్ని "అయ్యుండొచ్చు గారు" అనేవాళ్ళు. ఓ రోజు క్యాంటీన్‌లో మావాడొకడు పళ్ళెం వంక చూసి "ఇది ఉప్మా అయ్యుండొచ్చు" అన్నాడు. వెనకే నిలబడ్డ ఆయన "నిన్నటి ఇడ్లీ కూడా అయ్యుండొచ్చు" అని, తన పళ్ళెం తీసుకుని నవ్వకుండా వెళ్ళిపోయారు.

ఇలా నానుస్తూ మాట్లాడే మనిషి ఒక్కసారి మాత్రం తెగేసి చెప్పగా విన్నాను. లోతు సముద్రంలో ఒకచోట బావి తవ్వాలని నిర్ణయం అయిపోయింది. బాగా అడుగున పెద్ద మెరుపు ఉంది, అందరి ఆశా దాని మీదే. దానికి చాలా ఎగువన, సముద్రపు నేలకి కాస్త కిందుగా, ఇంకో చిన్న మెరుపు ఉంది. అది గట్టి ఇసుక పొర కావచ్చు. గ్యాస్ తిత్తి అయితే మాత్రం, డ్రిల్లు తాకగానే తన్నుకొచ్చేస్తుంది. పైపొరలు తవ్వేటప్పటికి ఒత్తిడిని ఆపే కవాటాలు ఇంకా బిగించి ఉండరు. బావి తవ్వే రిగ్గు మీద ఉన్నవాళ్ళు పారిపోవాలన్నా చుట్టూ సముద్రమే. అప్పటికే రిగ్గు బయల్దేరింది. ప్రాజెక్టు పెద్దాయన మీటింగు పెట్టి మా సార్‌ని సూటిగా అడిగారు.

"అది గ్యాసేనని చెప్పగలరా?"

"చెప్పలేనండి."

"పోనీ, కాదని?"

"అదీ చెప్పలేనండి."

"మరి ఏం చెబుతారండీ మీరు?"

"అక్కడ వద్దండి. పక్కకి జరపండి. కింద ఏముందో నాకు తెలీదు గానీ, పైన మనుషులున్నారు."

మా సార్ ఒప్పుకోకపోతే పని ముందుకు కదలదు కాబట్టి చివరికి చోటు మార్చారు. ఆ మార్పుకి రిగ్గు చాలా రోజులు ఖాళీగా నిలబడింది. కొత్త చోట తవ్విన బావి పెద్ద మెరుపు అంచుకి మాత్రమే తగిలింది. గ్యాస్ పెద్దగా పడలేదు. ప్రమాదమూ జరగలేదు. అసలు ఏమీ జరగలేదు, అదే ఆయన ప్రాణం మీదికొచ్చింది. మొదటి చోటే తవ్వి ఉంటే పంట పండేదని అందరూ అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఎవరూ రుజువు చెయ్యక్కర్లేదు, కాదనడానికి ఎవరికీ ఆధారం లేదు. కొన్నాళ్ళకి ఆయన్ని పాత రికార్డుల గదికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు.

సెలవులకి ఒక్కోసారి ఇద్దరం ఒకే రైల్లో విజయవాడ వచ్చి, అక్కణ్ణుంచి ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. అలా ఓసారి కంచికచర్ల దాటాక, పత్తి లారీల వెనక బస్సు నత్తనడక నడుస్తుంటే ఉండబట్టలేక అడిగాను.

"మీరన్నదే కరెక్టు కదా సార్?"

"తెలీదమ్మా. తెలియాలంటే అక్కడే తవ్వాలి. నా మాట నిజమో కాదో చూసుకోడానికి మనుషుల్ని పంపిస్తామా?"

"మీకు బాధగా లేదా?"

దీనికి కూడా ఏదో అయ్యుండొచ్చంటారని ఎదురుచూశాను. "ఉందమ్మా" అన్నారు. "బాగా ఉంది." బస్సు ఆగగానే "దిగు, మీ ఊరొచ్చింది" అన్నారు. నేను నందిగామలో దిగిపోయాను. ఆయన చిల్లకల్లు దాకా పోయి, అక్కడ జగ్గయ్యపేట ఆటో ఎక్కాలి. బస్సు కదిలాక నాకు ఏడుపు ఆగలేదు. అంత అలిసిపోయిన మొహం నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు ఆయన చేసిన పని నేను చేస్తున్నాను. ఈమధ్య నా ముందుకి అలాంటి చోటే ఒకటి వచ్చింది. పైన చిన్న మెరుపు, అడుగున అందరి ఆశ. ల్యాప్‌టాప్ పట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. "నేను చూడనమ్మా. చూస్తే నువ్వు నా మాట మోసుకెళ్తావు" అన్నారు. మజ్జిగ ఇప్పించారు, మోకాళ్ళ నొప్పుల గురించి చాలాసేపు చెప్పారు. తిరుగు బస్సులో ఆయన మీద నాకు చచ్చేంత కోపం వచ్చింది. తర్వాతి మీటింగులో ఆ చోటు వద్దన్నాను. చివరికి చోటు మార్చారు, రిగ్గు మళ్ళీ రోజుల తరబడి ఖాళీగా నిలబడింది. అప్పటి నుంచి నేను వస్తుంటే ఆఫీసులో మాటలు ఆగిపోతున్నాయి. నిద్రపోతే తీరే అలసట కాదిది. ఫోన్ చేసి ఆయనకు చెబుదామనుకుంటుండగానే కబురొచ్చింది.

పెద్దకర్మ భోజనం చేసి, మర్నాడు రాజమండ్రి స్టేషన్‌లో దిగాను. ఆఫీసు కారు ఇంకా రాలేదని బెంచీ మీద కూలబడ్డాను. సముద్రంలో డ్యూటీ ముగించుకుని ఊళ్ళకు పోతున్న మనుషులు కొందరు అక్కడే రైలు కోసం చూస్తున్నారు. చొక్కాల మీద రిగ్గు పేరు ఉంది. నేను చోటు మార్పించిన రిగ్గే. నా పక్కన కూర్చున్నతను ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏం పనే, వట్టి బోరు. ఇన్ని రోజులూ ఊరికే కూర్చోబెట్టారు. ఎవరో మేడం అంట, అక్కడ తవ్వొద్దందంట. ఆవిడకేం, ఏసీలో కూర్చుని ఎన్నైనా చెప్పుద్ది. ఏముంటదే అక్కడ, ఏం లేదు. ఆఁ, సాయంత్రానికి వచ్చేస్తా. కూరలేం వండకు, చారు పెట్టు చాలు. నేనొచ్చేదాకా చిన్నదాన్ని పడుకోనివ్వకు."

నేను తల వంచుకుని అంతా విన్నాను. క్షేమంగా ఇంటికి పోతున్న ఆ మనిషి ఇంకాసేపు తిట్టినా బాగుండునని మనసారా అనిపించింది. రైలొచ్చింది. అతను బ్యాగు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండానే ఎక్కేశాడు. ఇలాంటి తిట్లు సార్ చెవిన ఒక్కసారైనా పడి ఉంటే ఎంత బాగుండేది.