బావ బదిలీని ఆపిన ఫైనలు

మొన్న శనివారం మా మనవరాలు అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేక కాదు. ఏడు సముద్రాల అవతల, తను ఎన్నడూ చూడని ఒక ఊళ్ళో, తను ప్రాణం పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు తన మేటి ఫార్వర్డును లీగులో పైనున్న మరో పెద్ద జట్టుకు అమ్మేసిందట. అదీ ఆటగాళ్ళ మార్పిడికి గడువు ఇంకాసేపట్లో ముగుస్తుందనగా. ఉన్నవాళ్ళే మంచి ఆటగాళ్ళందరినీ ఎత్తుకుపోతుంటే ఇక పోటీ ఎందుకు, కప్పు నేరుగా వాళ్ళింటికే పంపించరాదా, ఇది న్యాయమేనా తాతా అని నన్ను నిలదీసింది. ఖమ్మంలోని మా ఇంట్లో ఫుట్‌బాల్ న్యాయాన్యాయాల మీద ఎడతెగకుండా మాట్లాడగలవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి గొంతు సవరించుకున్నాను. ఈ విషయంలో నాకు అభిప్రాయాలకు ఎప్పుడూ కొరత లేదు గానీ, వాటిని ఆచరణలో పెట్టే అవకాశం జీవితంలో ఒక్కసారే వచ్చింది. అప్పుడేం చేశానో ఆ పిల్లకు చెప్పే ధైర్యం రాలేదు. నా వయసువాళ్ళు మీరైతే కొంత అర్థం చేసుకుంటారని మీకు చెబుతున్నాను.

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో నాకు మణుగూరు దగ్గర ఒక బొగ్గుగనిలో ల్యాంపు రూము క్లర్కుగా ఉద్యోగం వచ్చింది. చదివింది చరిత్ర, చేసేది దీపాల లెక్క. రెంటికీ సంబంధం లేదని ఇంట్లోవాళ్ళు బాధపడ్డారు గానీ, నాకు మాత్రం ఏ తేడా కనిపించలేదు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిన పెట్టుకునే లైటొకటి ఉంటుంది, దానికొక నంబరు. షిఫ్టుకు ముందు తన నంబరు బిళ్ళ ఇచ్చి లైటు తీసుకుంటాడు, పైకొచ్చాక లైటిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. స్టాండులో లైటు లేదంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. అటువంటి లెక్క చూసేవాడిగా నేను కొంత గంభీరంగా ఉండవలసింది. నా కిటికీ ముందు నడిచే సంభాషణల్లో మూడు వంతులు ఫుట్‌బాల్ గురించే కావడంతో కుదరలేదు.

ఆ రోజుల్లో చుట్టుపక్కల గనులూ, వర్క్‌షాపూ, దవాఖానా, ఇంకా ఒకటి రెండు శాఖలూ కలిసి ఏటా ఎండాకాలంలో ఒక లీగు ఆడుకునేవి. అందులో న్యాయం సంగతి చెప్పాలంటే, మొదట్లో అది బొత్తిగా లేదు. పోటీలు దగ్గరపడుతున్నాయంటే చాలు, మంచి ఆటగాళ్ళకు చిత్రమైన బదిలీలు వచ్చేవి. వర్క్‌షాపు వాళ్ళకు ఉన్నట్టుండి ఒక వెల్డరు అత్యవసరంగా కావలసివచ్చేది. ఆ వచ్చిన వెల్డరుకు వెల్డింగు రాకపోయినా ఎడమ కాలు మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. దవాఖానా జట్టులో ఆడినవాళ్ళలో సగంమంది అంతకుముందు వారం అక్కడే రోగులు. ఇవన్నీ భరించలేక ఒక ఏడు అన్ని జట్లవాళ్ళూ కూర్చుని ఒక్కటే ఒక్క రూలు పెట్టుకున్నారు: ఆటరోజు పొద్దున ఎవరి లైటు ఏ గని స్టాండులో ఉంటే వాడు ఆ గని ఆటగాడు. ఆర్డర్లూ చీటీలూ ఎన్నయినా రాసుకోవచ్చు, లైటు ఒక్కటే సాక్ష్యం. ఇంత శుభ్రమైన రూలును ఆ తరువాత పెద్దపెద్ద లీగుల్లో కూడా నేను చూడలేదు. దానికున్న లోపం ఒక్కటే, లైట్లు నా చేతిలో ఉండడం.

మా జట్టు కార్యదర్శి మా బాబాయి. నాన్నకు తమ్ముడు, మా గనిలో షిఫ్టు పనంతా చూసే ఓవర్‌మన్, ఆయన క్వార్టర్లోనే నా మకాం. ఇక మా ఫార్వర్డును నేను బావా అనేవాణ్ణి, తనూ నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరడమే మా చుట్టరికం. అడవిలో ఒక గూడెం మనిషి, గని లోపల బొగ్గు తొట్లు నెట్టేవాడు. బూట్లు ఇస్తే మెడలో వేలాడేసుకుని ఉట్టి కాళ్ళతో ఆడేవాడు. ఆయన దగ్గరికి బంతి చేరితే మిగతా పదిమందీ ఆట ఆపి చూసేవారు, మాది సమష్టి కృషి అని చెప్పుకునేందుకు అంతకుమించి ఆస్కారం లేదు.

ఆ మనిషికి ఒకే ఒక్క బాధ ఉండేది. తన గూడెం మా గనికి పదకొండు మైళ్ళు, నడుమ ఒక వాగు. అందుకని పనిరోజుల్లో కాలనీలో ఒక రేకుల గదిలో ఉండి, వారానికొకసారి సెలవునాడు ఇంటికి పోయేవాడు. ఏడాది నిండిన కూతురుండేది. ఆ పిల్ల వారానికొకసారి కనిపించే ఈ మనిషి ఎవరో తేల్చుకోలేక, ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడ్చేదట. రెండో రోజుకు దగ్గరికి వచ్చే పిల్లేనేమో గానీ ఈయనకు రెండో రోజు ఉండేది కాదు. "నా బిడ్డకు నేను సుట్టపోన్ని బావా" అని నవ్వుతూనే చెప్పేవాడు. వాగుకు అవతల ఉన్న మరో గని అయితే వాళ్ళ గూడేనికి రెండే మైళ్ళు. అక్కడికి బదిలీ కోసం మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. ఆ అర్జీలన్నీ రాసిపెట్టింది నేనే, ఇంగ్లీషులో, మంచి మంచి మాటలు వేసి.

ఆ ఏడాది ఫైనలు మాకూ అవతలి గనికీ పడింది. ఆదివారం ఆట అనగా, అంతకుముందు సోమవారం ఆయన బదిలీ ఆర్డరు వచ్చేసింది. నా ఇంగ్లీషుకు కదలని కాగితం, సెమీఫైనల్లో ఆయన కొట్టిన మూడు గోల్స్‌కు కదిలింది. అవతలి గని మేనేజరు అంతటి క్రీడాభిమాని. ఆర్డరు వచ్చిన వారంలోగా లైటు మా దగ్గర అప్పజెప్పి, నేను రాసిచ్చే చీటీతో అక్కడ చేరాలి, లేకపోతే ఆర్డరు రద్దు. రూలు ప్రకారం చూస్తే వాళ్ళు చేసిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మాకు మాత్రం అది దోపిడీగా కనిపించింది. కిందటి ఏడు వర్క్‌షాపు నుంచి ఒక గోల్‌కీపరును మేము తెచ్చుకున్నప్పుడు మాత్రం అది ప్రతిభకు గుర్తింపుగా కనిపించింది.

ఆ సాయంత్రం క్వార్టర్లో బాబాయి నా ముందు మంచం లాక్కుని కూర్చున్నాడు.

"ఏందిరా డిగ్రీ, లైటు రాసిస్తవా ఏంది?"

రాసివ్వక తప్పదు కదా బాబాయ్ అన్నాను.

"రాసియ్యొద్దని ఎవడన్నడు? సోమారం రాసియ్యి. ఆదివారం ఆడి సోమారం పోతడు. వాని ఇల్లు ఏడికన్న పోతదా? ఇన్నేండ్లు ఆగినోనికి ఆరు దినాలు ఎక్కువైతయా?"

సోమవారం నుంచి ఏడు రోజులు లెక్కపెడితే మళ్ళీ సోమవారం. గడువు లోపలే ఫైనలు పడుతోంది. ఎవరికీ నష్టం లేని అన్యాయం కంటికి చాలా అందంగా కనిపిస్తుంది. రాత్రి పడుకునే సరికే అది నాకు న్యాయంగా మారిపోయింది.

మంగళవారం బావ కొత్త చొక్కా వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. చీటీ కోసం కొత్త చొక్కా వేసుకున్నవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. నీ లైటు రిపేరులో ఉంది, బాగయ్యేదాకా అప్పజెప్పినట్టు రాయడం కుదరదు, సోమవారం పొద్దున్నే ఇస్తాను, అందాకా స్పేర్ లైటుతో దిగు అని చెప్పాను. ఆయన నా వెనకున్న స్టాండు వంక ఒకసారి చూశాడు. "సరే బావా, నువ్వు చెప్తివంటే గంతే" అని వెళ్ళిపోయాడు. నా వెనకాల లైట్లు బాగుచేసే చాచా, ఖమ్మం నుంచి వచ్చి అక్కడే తల నెరిసిపోయిన మనిషి, చేతిలో పని ఆపేశాడు.

"క్లర్క్ సాబ్, ఎన్ని ఏండ్లసంది లైట్లు బాగుచేస్తున్న. మంచిగున్న లైటును ఖరాబైందని రాసినోన్ని మాత్రం నిన్నే చూస్తున్న. ముబారక్."

ఆరు రోజులే గదా చాచా అన్నాను.

"ఆరు రోజులకు ఖరాబైతే ఖరాబు గాదా?" అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ వారమంతా నాతో మాట్లాడవలసినవన్నీ స్క్రూడ్రైవరుతో మాట్లాడాడు.

ఆదివారం మైదానం నిండిపోయింది. బొగ్గు పొడి రేగి, అరగంటకే రెండు జట్ల చొక్కాలూ ఒకే రంగుకు వచ్చాయి. గట్టు మీద తునికి పండ్లు అమ్మేవాళ్ళు కూడా అమ్మకం మానేసి చూస్తున్నారు. బావ గూడెం నుంచి జనం బండి కట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళు తిన్నగా పోయి అవతలి గని వాళ్ళ పక్కన కూర్చున్నారు. బదిలీ అయింది కదా, తమ మనిషి ఇక ఆ జట్టువాడేనని వాళ్ళ లెక్క. ముందు వరసలో ఆయన భార్య, చంకలో పిల్ల. ఆయన మా చొక్కాతో మైదానంలోకి వచ్చినప్పుడు ఆమె పక్కనున్న ముసలావిడను ఏదో అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ కాసేపు నేను గోలుపోస్టు వైపు చూస్తూ ఉండిపోయాను, అక్కడ ఏమీ జరగకపోయినా.

ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా బావ ఇద్దరిని దాటుకుని, ఉట్టి కాలితో బంతిని గోలు మూలకు తోశాడు. మా వైపు ఈలలు, గంతులు. బాబాయి నన్ను ఎత్తుకుని దించాడు. అవతలి వైపు గూడెం జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత ఒక ముసలాయన మొదలుపెడితే మిగతావాళ్ళూ మెల్లగా కొట్టారు. కప్పు మాది.

సోమవారం పొద్దున్నే, మాటిచ్చినట్టే, చీటీ రాసిచ్చాను. చక్కటి దస్తూరీతో. బావ సంచీ, చాపా, బిందె సైకిలుకు కట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం రెండో షిఫ్టు వేళకు అదే సైకిలు, అవే సామాన్లు నా కిటికీ ముందు ఆగాయి. గడువు లెక్కపెట్టవలసింది ఆర్డరు మాకు అందిన రోజు నుంచి కాదట, దాని మీద టైపు చేసిన తేదీ నుంచట. అది అంతకుముందు శుక్రవారం తేదీ. ఫైనలు నాటికే ఆర్డరు చచ్చిపోయి రెండు రోజులు. చరిత్రలో డిగ్రీ చేసినవాణ్ణి, తేదీ ఒక్కటే చూసుకోలేదు. మరో ఆర్డరు ఇప్పించమని బావ అవతలి మేనేజరును బతిమాలాడట. ఆయన క్రీడాభిమానం ఆదివారం సాయంత్రంతోనే చల్లారిపోయింది.

"నా లైటు మల్ల నాకే ఇయ్యి బావా. షిఫ్టుకు యాళ్ళయితాంది" అన్నాడు. చాచా ఆ లైటును స్టాండులోంచి తీసి, గుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచి, నాకివ్వకుండా ఆయనకే అందించాడు.

ఆ వారమే నేను కొత్త అర్జీ రాశాను. ఆ తరువాత ఏడాదికొకటి. బాబాయి కూడా తనకు తెలిసిన పెద్దలందరి దగ్గరికీ తిరిగాడు, కప్పు తెచ్చినప్పుడున్న హుషారు లేకుండా. ఆరేళ్ళకు గానీ బదిలీ రాలేదు. వచ్చిన ఏడాదే కూతుర్ని ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేర్చారు. తండ్రి రోజూ ఇంటికి చేరగలిగే నాటికి పిల్ల సెలవులకు మాత్రమే ఇంటికొచ్చే చుట్టమైంది.

ఈ సంగతి ఆయనకు చెప్పుకోవాలని చాలా ఏళ్ళు అనుకున్నాను. పిరికితనానికి తీరిక దొరకదనే సాకు ఎప్పుడూ ఉంటుంది. ఇద్దరం రిటైరయ్యాక, కిందటి ఎండాకాలం వాళ్ళ గూడేనికి వెళ్ళి, వాకిట్లో మంచం మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆ లైటుకు ఏ రోగమూ లేదు, కావాలనే ఆపాను అన్నాను. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు.

"ఎర్కే బావా. నా లైటు స్టాండుల మంచిగ ఎలుగుతాంటే నాకు కానొస్తలేదా? నేను దినాం సూసుకుంటనే ఉన్న."

మరి అడగలేదేం అన్నాను.

"ఎందుకడుగుత? ఫైనలు మనోళ్ళతోని ఆడాల్నని నాకు గూడ ఉండె. సోమారం పోదాం తీ అనుకున్న, నీ లెక్కనే." ఒకసారి ఇంటి లోపలికి చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంటామెకు మాత్రం మొత్తం నువ్వే చేసినవని చెప్పిన. ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదన్నాను. అప్పటికి రెండు గంటలుగా అక్కడ కూర్చున్నా ఒక్క గ్లాసు టీ ఎందుకు రాలేదో అప్పుడు బోధపడింది. బిడ్డ సంగతి అడిగాను. హైదరాబాదులో నర్సుగా పనిచేస్తోందట, మంచి పిల్లట, రోజూ ఫోను చేస్తుందట. "తల్లితోని గంటసేపు మాట్లాడ్తది. నాతోని తిన్నవా నాయినా అంటది, పెట్టేస్తది" అన్నాడు.

ఇప్పుడు ఆ లీగు లేదు. మేము ఆడిన మైదానం మీద ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టి గుట్టగా పేరుకుని, దాని మీద తుమ్మచెట్లు కూడా మొలిచాయి. పెద్ద లీగుల సంగతి పత్రికల్లో చదువుతుంటాను. ఆటగాడికొక ఏజెంటు, ఏజెంటుకొక వకీలు, గడువు ఏ నిమిషంతో ముగుస్తుందో చూడడానికే ప్రత్యేకంగా మనుషులు. తేదీ చూసుకోకపోవడమనే పొరపాటు ఇక ఎవరూ చేయరు, సంతోషం. వాళ్ళ నిబంధనలు కూడా ఈ మధ్య కొన్ని ఓపిగ్గా చదివాను, చాలా పకడ్బందీగా ఉన్నాయి. ఆటగాడి ఇల్లు ఎంత దూరమో రాయడానికి మాత్రం వాటిలో ఎక్కడా గడి లేదు. అలాగని మా రిజిస్టరులో ఉండేదా అంటే అదీ లేదు. ఆ పెద్ద లీగుల్లో సంతకాలు పెట్టేవాళ్ళకు ఆ దూరం తెలియదు. మాకు తెలుసు, మైళ్ళతో సహా.