ఆమెది కాని గొంతు

ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, గోడలకు పాత పరుపులు కొట్టి స్టూడియో నడిపేవాణ్ణి. ఒకరోజు ఒకావిడ వచ్చింది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో ఉంటూ, మా వీధిలోని కోచింగ్ హాస్టల్లో వంట చేసేది. బీడుపడ్డ చెలకల మీద తనే కట్టుకున్న పాట పాడింది. సన్నటి గొంతు, పైకి పోయేకొద్దీ పదునెక్కింది. మళ్లీ పాడమనే అవసరమే రాలేదు.

డప్పు, కోరస్ ఎల్బీనగర్‌లో మిత్రుడి స్టూడియోలో కలపాలి. ఆయనది గుంటూరు. నేను పంపిన ఫైలు ఆయన పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోలేదు. గొంతు ఒక్కటే సీడీలో పెట్టి పంపమన్నాడు. పంపాను. నేను ధ్వనిని సెకనుకు నలభై ఎనిమిది వేల శాంపిళ్ల లెక్కన రికార్డు చేస్తాను, ఆయనది నలభై నాలుగు వేల నూరు. ఆ ముక్క సీడీ మీద రాయడం మరిచాను. ఆయన కంప్యూటర్ నా ఫైలును తన తక్కువ లెక్కతోనే, నెమ్మదిగా చదివింది. గొంతు సాగి, లావెక్కింది.

ఈలోగా బంద్ మొదలైంది. బస్సుల్లేవు. పాట తయారయ్యాక ఆయన ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టి వినిపించాడు. ఫోన్‌లో ఏ గొంతైనా పీలగానే వినిపిస్తుంది. బాగుందన్నాను. పాట చేయమన్న దీక్షా శిబిరం వాళ్లు తొందరపడుతున్నారు. బంద్ ముగిసేలోపే కాపీలు ఊళ్లకు వెళ్లిపోయాయి.

వారం తర్వాత ఆవిడ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"గది నా గొంతు కాదు సారూ. మొగోని గొంతు లెక్కుంది. నేనే పాడిన్నంటే ఎవ్వలూ నమ్ముతలేరు."

శిబిరంలో మైకులో పాట వస్తుంటే పక్కవాళ్లకు గర్వంగా చెప్పుకుందట. వాళ్లు నవ్వారట.

వెంటనే ఎల్బీనగర్ వెళ్లాను. ఫైలు తెరవగానే తప్పేమిటో అర్థమైంది.

"మీరు పంపిన వాయిస్ డప్పుకి అందకుండా సాగుతోందండీ. లైను లైనుకీ కోసి సర్దాను," అన్నాడాయన. "ఫోన్లో విని మీరే కదా బాగుందన్నారు."

ఆ పూటే ఇద్దరం కూర్చుని పాట సరిచేశాం. శిబిరానికి తీసుకెళితే, ఊరూరా పోయిన పాటను ఇప్పుడు ఎట్లా వెనక్కి తెస్తామన్నారు. వాళ్లన్నదీ నిజమే.

హాస్టల్ వంటగదిలో ఆవిడకు ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని, కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"ఇది నేనే," అంది. తర్వాత అవి తీసి నా చేతిలో పెట్టింది. "మా ఊరోళ్లు గదే ఇన్నరు సారూ. నేను అబద్ధమాడిన్నని అనుకుంటుండ్రు. ఇప్పుడు ఇది ఎవరికి ఇనిపియ్యాలె?"

ఇంకో పాట పాడమని అడిగాను. తల అడ్డంగా ఊపి, పొయ్యి వైపు తిరిగింది.

తర్వాత రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పనుందని బయటకు రాలేదు. రెండోసారి వంటగదిలో వేరే మనిషి ఉంది. ఆవిడ ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పలేకపోయారు.