కాటా దిగాక పెరిగిన రెండు కిలోలు

1985 జూన్‌లో మేం పోగొట్టుకున్నవి ముందు చెబుతాను. కనెక్షన్ విమానాలు తొమ్మిది. వాటిని అందుకోలేక హైదరాబాద్‌లో నిలిచిపోయిన ప్రయాణికులు ముప్పై ఒక్కమంది. కనపడకుండా పోయిన సంచులు నాలుగు. పెద్ద కంపెనీకి మా మీద ఉన్న నమ్మకం కూడా పోయింది. అది మొదట ఎంత ఉండేదో తెలియదు కాబట్టి అంకె వేయలేను.

అప్పుడు నేను మాచర్ల అవతల, సాగర్ వైపున్న చిన్న విమానాశ్రయంలో ట్రాఫిక్ అసిస్టెంట్‌ని. లెక్కలు బడిలో కాదు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల కాటా దగ్గర నేర్చుకున్నాను. నా పని లోడ్ షీట్ రాయడం. మనిషికి డెబ్భై అయిదు కిలోలు, సామాను కాటా చూపినంత, మొత్తం కూడి పైలట్ చేత సంతకం పెట్టించాలి. మాది పద్దెనిమిది సీట్ల విమానం నడిపే చిన్న సంస్థ. టికెట్లు అమ్మేది పెద్ద కంపెనీ. మేం హైదరాబాద్ చేరిస్తే అక్కణ్నుంచి బొంబాయికో మద్రాసుకో వాళ్లు తీసుకుపోవాలి.

వాళ్ల విమానం బయలుదేరడానికి నలభై నిమిషాల ముందు మేం దిగేవాళ్లం. ప్రయాణికులు సామాను తీసుకెళ్లి మళ్లీ అప్పగించాల్సిన వాళ్ల కౌంటర్ ముప్పై నిమిషాల ముందే మూసేవారు. సామాను హాల్లోకి రావడానికే పద్నాలుగు నిమిషాలు పట్టేది. అంటే నాలుగు నిమిషాలు తక్కువ. గాలి కలిసొస్తే అందేది, లేకపోతే లేదు. తప్పు మీదంటే మీదని ఉత్తరాలు నడిచాయి. ఇలాగే ఉంటే కనెక్షన్ టికెట్లు ఆపేస్తామని ఆఖరి ఉత్తరంలో రాశారు.

జులై మొదటి సోమవారం మస్తాన్ వచ్చాడు. మాచర్లలో లేత్ మెకానిక్. శనివారం పొద్దున బొంబాయిలో ఏజెంటు ముందు నిలబడకపోతే అతని దుబాయ్ పని ఇంకొకరికి పోతుంది. పాస్‌పోర్టు గురువారం గాని చేతికి రాదు, కాబట్టి రైలు కుదరదు. శుక్రవారం మా విమానంలో సీటు రాయించుకున్నాడు.

"అందుద్దా అన్నా?" అని అడిగాడు. నేను ఆ నాలుగు నిమిషాల లెక్క మళ్లీ తీశాను.

సామాను మా విమానం నుంచి నేరుగా వాళ్ల విమానంలోకి మారితే ఆ పద్నాలుగు నిమిషాలూ మిగులుతాయి. అందుకు వాళ్ల ట్యాగులు మేమే కట్టాలి, మా తూకాన్ని వాళ్లు ఒప్పుకోవాలి. బుధవారం మా విమానంలో ఎక్కిన పదిహేడు సంచుల తూకాలు కాగితం మీద వేసుకుని నేనే హైదరాబాద్ వెళ్లాను.

"సున్నం తూచిన చెయ్యి కదయ్యా, దాన్ని నమ్మి మా కెప్టెన్ గాల్లోకి లేవాలా?" అన్నాడు నా పాత పని తెలిసిన వాళ్ల డ్యూటీ మేనేజర్. అంటూనే తూయించాడు. పదహారు సరిపోయాయి. పదిహేడోది రెండు కిలోలు ఎక్కువ. తెరిస్తే పైనే గోంగూర పచ్చడి జాడీ.

కారణం నాకప్పుడు తెలిసింది. మా దగ్గర ఒక్కరిని సాగనంపడానికి పదిమంది వస్తారు. తూచిన సంచిని నేను మళ్లీ వాళ్ల చేతికే ఇస్తున్నాను. తప్పు కాటాది కాదు, నాదేనని చెప్పాను. ఇకనుంచి తూచిన వెంటనే తాడు కట్టి, లక్కతో సీలు వేసి, మా దగ్గరే ఉంచుకుంటామని రాసిచ్చాను. ఆయన శుక్రవారానికి ట్యాగులూ బోర్డింగ్ కార్డులూ ఇచ్చాడు. ఒక్క సంచిలో తేడా వచ్చినా అన్నీ వాపసు. మేం ఆలస్యమైతే పన్నెండు నిమిషాల దాకా గేటు తెరిచి ఉంచుతామని సంతకం కూడా పెట్టాడు.

శుక్రవారం మస్తాన్ సంచి పందొమ్మిది కిలోలు తూగింది. సీలు వేశాక వాళ్లమ్మ కొంగు చాటు నుంచి ఒక సీసా తీసింది.

"ఇంక కుదరదు పెద్దమ్మా," అన్నాను.

"ఏంది కుదరనిది? కారప్పొడేగా నాయనా, చానా తేలిక!"

"ఊరుకోమ్మా, విమానం పోద్ది," అన్నాడు మస్తాన్.

"ఒరేయ్, ఆ దేశంలో ఏం తింటావురా, నట్లూ బోల్టులా?"

సీలు పగలగొట్టి, సీసా లోపల పెట్టి మళ్లీ తూచాను. సరిగ్గా ఇరవై. కొత్త సీలు వేసి, లోడ్ షీట్‌లో అంకె దిద్ది, పైలట్ చేత మళ్లీ సంతకం పెట్టించాను. ఆ రోజు అయిదు నిమిషాలు ఆలస్యంగా లేచాం. హైదరాబాద్‌లో సంచులన్నీ సరిపోయాయి. కౌంటర్ పని లేదు కాబట్టి మస్తాన్ కార్డు పట్టుకుని నేరుగా గేటుకు నడిచాడు. పని ఖాయమైందని శనివారం సాయంత్రం బొంబాయి నుంచి టెలిగ్రాం వచ్చింది. సోమవారం మాకు ట్యాగుల కట్ట పూర్తిగా అందింది. ఉత్తరాలు తగ్గాయి, కనెక్షన్ నిలిచింది.

రెండు సంస్థలకు తగువు వస్తే, సామాను చేతులు మారే చోటును ముందు చూడాలని నేర్చుకున్నాను. మన వైపు చేతుల్ని ఇంకా ముందు చూడాలి. గేటు ఒప్పందం మాత్రం పూర్తిగా జరగలేదు. ఆ సర్వీసు నడిచినన్నాళ్లూ వాళ్లు తొమ్మిది నిమిషాలకు మించి ఆగలేదు. మూడు నిమిషాలు నేటికీ బాకీ.