ఏడడుగుల పాదలేపనం

కథలో మాయవస్తువు వినపడితే చాలు, తేజేశ్వర్ గారి చెయ్యి పైకి లేచేది. "అది దేంతో చేశారమ్మా?" ఆ ఒక్క ప్రశ్నతో ఆయన ఎన్ని కథల పీక నొక్కారో నళినికి లెక్కే లేదు.

నళిని ప్రతి ఆదివారం అమెరికాలోని నేపర్‌విల్ లైబ్రరీలో పిల్లలకు తెలుగు కథలు చెబుతుంది. మనవడు నీల్‌ను దింపడానికి వచ్చిన తేజేశ్వర్ గారు చివరి వరుసలో పాతుకుపోయారు. ఆయన హార్డ్‌వేర్ షాపులో రంగులు కలిపే మనిషి. కెమిస్ట్రీ ఆయనకు ఏ కాలేజీ చెప్పలేదు. డబ్బాల మీది లేబుళ్ళే చెప్పాయి.

మనిషిని మాయం చేసే కాటుక కథ చెబితే, దీపం మసితో కాటుక చేసి, కళ్ళకు పెట్టుకుని, సరుకులు తేవడానికి వెళ్ళొచ్చారు. "కనిపించానమ్మా. ముగ్గురు పలకరించారు." రాక్షసుణ్ణి రాయిగా మార్చే నీళ్ళ కథకు సిమెంటులో గడ్డకట్టిన బూటు తెచ్చి చూపించారు. "కుదరలేదమ్మా. కుదరాలంటే రాక్షసుడు ఒక రోజంతా కదలకూడదు."

ప్రతి ప్రయోగాన్నీ నోటుబుక్కులో రాసేవారు. చివర ఎప్పుడూ ఒకటే మాట: చేసి చూశాను, కుదరలేదు.

అక్టోబరులో నళిని పాదలేపనం కథ చెప్పింది. కాళ్ళకు రాసుకుంటే కోరిన చోటికి చేరుస్తుంది. ఈసారి ఆయనకంటే ముందు ఎనిమిదేళ్ళ హంసిక చెయ్యెత్తింది.

"అంకుల్, అది రియల్‌గా చేయొచ్చా?"

వీసా స్టాంపింగ్ కోసం రెండు వారాలని హైదరాబాద్ వెళ్ళిన హంసిక నాన్న రెండు నెలలైనా రాలేదు. అపాయింట్‌మెంట్ వాయిదా పడుతూనే ఉంది. ఆయన ఎక్కడ 'కుదరదు' అనేస్తారోనని నళిని చివరి వరుస వైపు చూసింది.

తేజేశ్వర్ గారు పెన్సిల్ తీశారు. "మాటివ్వను. చేసి చూద్దాం. ఎవరి కాళ్ళకు రాయాలి?"

"నాన్నకి. కానీ నాన్న ఇక్కడ లేడు కదా. స్లిప్పర్స్ ఉన్నాయి. వాటికి రాస్తే వర్క్ అవుతుందా?"

"అదీ చూద్దాం."

మరుసటి ఆదివారం చిన్న డబ్బా వచ్చింది. కొబ్బరి నూనె, తేనెమైనం, కాస్త కర్పూరం. సరిగ్గా ఏడు రోజులకు సరిపడా. రోజూ తలుపు పక్కనున్న చెప్పులకు రాయాలి, రిపోర్టు తేవాలి.

హంసిక రిపోర్టు తెచ్చింది. మంగళవారం చెప్పులు కదల్లేదు. బుధవారం ఒకటి కదిలింది, అమ్మ కాలు తగిలింది. గురువారం నాన్న ఫోన్ చేశాడు, చెప్పులకు వినిపించాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని అంతా చదివి, కర్పూరం పెంచారు. పై వారం మైనం పెంచారు. ఇలా ఎనిమిది వారాలు గడిచాక నళినికి ఓపిక నశించింది. పార్కింగ్ లాట్‌లో ఆయన్ను పట్టుకుంది.

"కాటుక సంగతి ఒక్కరోజులో తేల్చేశారు కదండీ. పిల్లకెందుకు ఇన్నాళ్ళు ఆశపెడుతున్నారు?"

ఆయన కారు తాళాలు వెతుక్కుంటూ మెల్లగా అన్నారు. "ఎన్నాళ్ళో తెలియని ఎదురుచూపు చిన్నపిల్ల మొయ్యలేదమ్మా. అందుకే వారానికి సరిపడా చేసి ఇస్తున్నాను. సాయంత్రం తలుపు వైపు చూస్తూ కూర్చునే బదులు చేతికి పనుంటుంది."

నళిని మళ్ళీ అడగలేదు. పై వారం కర్పూరం తనే కొనుక్కొచ్చింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం హంసిక పరిగెత్తుకొచ్చింది. నాన్న వచ్చేశాడు. బూట్లు విప్పి, నాలుగు నెలలు నూనె, మైనం తాగిన ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. చెక్క నేల మీద తలుపు దగ్గర నుంచి సోఫా దాకా జర్రున జారి, అందులోనే కూలబడ్డాడు.

"అంకుల్, వర్క్ అయింది. సెవెన్ ఫీట్."

తేజేశ్వర్ గారు నవ్వలేదు. "కొలిచావా?"

"టేప్‌తో. టూ టైమ్స్."

ఆయన నోటుబుక్కు తెరిచారు. మొదటిసారి చివరి మాట మారింది.

చేసి చూశాం. ఏడడుగులు కుదిరింది.