తాడు ఆగిన చోటు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో “స్నోబ్లోయర్ కొన్నాం. చలి బాగా ఉంది” అని రెండు ముక్కలే ఉన్నాయి. అసలు సంగతేమిటంటే, ఆ షాపులో పెద్ద మెషీన్ తాడు లాగి స్టార్ట్ చేయడం నాకు చేతనవును. చేతకానట్టు నటించాను.

అప్పుడు నేను అమెరికాలోని ఎడిసన్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ ఎం.ఎస్. చదువుతున్నాను. 2009, 2010 ఆ ప్రాంతం. ఇంటివాళ్ళను ఆంటీ, అంకుల్ అనేదాన్ని. వాళ్ళమ్మాయి కాలేజీకని వేరే రాష్ట్రం వెళ్ళాక ఆ గది ఖాళీ అయింది. అంకుల్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. పరీక్షించకుండా దేన్నీ నమ్మేవారు కాదు. కొత్త గొడుగు కొన్నా ముందు షవర్ కింద పట్టి చూసేవారు. నేనేమో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. “ఈ పిల్ల ఇంట్లో ఉందో లేదో చెప్పులు చూసి తెలుసుకోవాలి” అనేది ఆంటీ.

వాళ్ళది వీధి మూలనున్న ఇల్లు. రెండు వైపులా సైడ్‌వాక్, అంటే జనం నడిచే కాలిబాట. మంచు పడితే ఎవరి ఇంటి ముందు సైడ్‌వాక్ వాళ్ళే శుభ్రం చేసుకోవాలి. నా గది తలుపు ఇంటి పక్కవైపు ఉండేది. నేను వచ్చిన మొదటి శీతాకాలం, మంచు కురిసిన ప్రతి పొద్దున తలుపు తీసేసరికి నా గడప నుంచి సైడ్‌వాక్ దాకా, అక్కడి నుంచి వీధి చివర బస్‌స్టాప్ దాకా ఒక దారి ఉండేది. ఒక పార వెడల్పు, అంతే. అది టౌన్‌షిప్, అంటే అక్కడి మున్సిపాలిటీ, వాళ్ళ పని అనుకున్నాను. నేను ఏడింటి బస్సుకి వెళ్తానని టౌన్‌షిప్‌కి ఎలా తెలుస్తుందని ఆలోచించలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆ దారి సగంలో ఆగిపోయి ఉంది. ఆగినచోట మంచు కుప్ప మీద అంకుల్ కూర్చుని ఉన్నారు. పార ఒళ్ళో ఉంది. ముఖం తెల్లకాగితంలా ఉంది. అంత చలిలో నుదుటి మీద చెమట.

“ఏం లేదమ్మా, కాస్త ఆయాసం. నువ్వెళ్ళు, బస్సు పోతుంది” అన్నారు.

ఆ ఇంట్లో నేను మొదటిసారి గొంతెత్తి అరిచింది ఆ రోజే. “ఆంటీ!” అని.

గుండెకి రెండు స్టెంట్లు వేశారు. ఇక పార పట్టకూడదనీ, ఒక్కసారిగా బలం పెట్టే పనేదీ చేయకూడదనీ డాక్టర్ చెప్పాడు. ఆ మాట ఆంటీ రోజుకు నాలుగుసార్లు వినిపించేది. నాకు మాత్రం ఎవరూ ఏమీ అనకపోయినా, సగంలో ఆగిన ఆ దారే కళ్ళ ముందు కనిపించేది. అది నా కోసం వేస్తున్న దారి.

మళ్ళీ చలికాలం వస్తోందనగా ఇంట్లో రభస మొదలైంది. మనిషిని పెట్టి మంచు తీయిద్దామని ఆంటీ. “నా సైడ్‌వాక్ ఇంకొకడు తీయడమేంటి? నేనేమన్నా మంచాన పడ్డానా?” అని అంకుల్. చివరికి స్నోబ్లోయర్ కొనడానికి రాజీ కుదిరింది. ముందుకు తోసుకుంటూ పోతే మంచుని మింగి పక్కకి చిమ్మే యంత్రం అది. ఇక అంకుల్ ఆగలేదు. గుళ్ళో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో, కనబడ్డ ప్రతివాళ్ళనీ అడిగారు. అందరూ తమ దగ్గరున్నదే గొప్పదన్నారు. ఒకాయన మాత్రం పక్కింటివాళ్ళది గొప్పదనీ, తనది మొరాయించిన ప్రతిసారీ దాన్నే అరువు తెచ్చుకుంటాననీ నిజం చెప్పాడు.

నేను చేయగలిగింది చదవడమే. నాలుగైదు మోడళ్ళ మాన్యువళ్ళు కంప్యూటర్లో వెతికి మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివాను. నాకు ఏ పుస్తకమైనా ఒకటే. అంకుల్ ఆశ్చర్యపోయారు.

“మొత్తం చదివావా? అయితే ఈ షియర్ పిన్ అంటే ఏంటో చెప్పు.”

“చిన్న బోల్ట్ అంకుల్. లోపల రాయి ఇరుక్కుంటే ముందు అదే విరిగిపోతుంది, మెషీన్‌కి ఏం కాకుండా.”

“అబ్బో. పాపం, ఏం ఉద్యోగమమ్మా దానిది!” అని నవ్వారు.

ఒక శనివారం ముగ్గురం షాపుకి వెళ్ళాం. ఎండాకాలం గడ్డి కోసే మెషీన్లు, చలికాలం ఇవీ బాగుచేసి అమ్మే చిన్న షాపు. దాన్ని నడిపేది ఒక అమెరికన్ ముసలాయన. చేతుల గీతల్లో గ్రీజు ఇంకిపోయి ఉంది. రెండు మెషీన్లు బయటికి తెచ్చాడు. ఒకటి పెద్దది, పాతది. తాడు లాగి స్టార్ట్ చేయాలి. “ఇది నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది” అన్నాడు. రెండోది కాస్త చిన్నది. దానికీ తాడుంది కానీ, కరెంటు వైరు తగిలించి బటన్ నొక్కితే చాలు, స్టార్ట్ అవుతుంది. ఆ తర్వాత వైరు తీసేసినా పెట్రోలు మీద నడుస్తుంది.

అంకుల్ కళ్ళు పెద్దదాన్ని వదల్లేదు.

“భాగాలు తక్కువుంటే చెడిపోయేవీ తక్కువే. ఆ రెండోదానికి బటనుంది, వైరుంది, ఇంకో మోటారుంది. ఏది పోయినా గోవిందా.”

“డాక్టరు బలం పెట్టొద్దన్నాడండీ” అంది ఆంటీ.

“పార వద్దన్నాడు. తాడు పేరెత్తలేదు.”

“ఈసారి లిస్టు రాసుకెళ్ళి అడుగుతాను. పార, తాడు, రోలు, రోకలి...”

“సరే, టెస్ట్ పెడదాం” అన్నారు అంకుల్. “ఈ అమ్మాయి లాగి స్టార్ట్ చేస్తే నేనూ చేయగలను. మూడు ఛాన్సులు. ఓకేనా?”

“ఊచలా ఉంది పిల్ల. దానితోనా లాగించేది?”

“అందుకేనోయ్. అందరికన్నా బలం తక్కువున్న యూజర్‌తోనే టెస్ట్ చేయాలి.”

ముగ్గురూ నా వైపు చూశారు. వెళ్ళి తాడు పిడి పట్టుకున్నాను.

వాళ్ళకు తెలియనిది ఒకటుంది. మాది ఖమ్మం వైపు. మా నాన్న పత్తికి మందు కొట్టడానికి భుజానికి తగిలించుకునే పవర్ స్ప్రేయర్ వాడేవాడు. టెన్త్‌లో ఉన్నప్పుడు దసరా సెలవుల్లో దాన్ని స్టార్ట్ చేసే పని నాదే. తాడు ముందు మెల్లగా లాగాలి. ఒకచోట లోపల పట్టు తగులుతుంది. అక్కడి నుంచి ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాలి. అంతే కిటుకు.

పెద్ద మెషీన్ తాడు మెల్లగా లాగాను. పట్టు తగిలింది. నాకు అర్థమైపోయింది, ఒక్క గుంజుకి ఇది స్టార్ట్ అవుతుంది. దాంతోపాటే ఇంకోటి కూడా అర్థమైంది. మంచు పడ్డ ప్రతి పొద్దున అంకుల్ గడ్డకట్టే చలిలో ఇదే గుంజు గుంజాలి. ఒళ్ళో పారతో ఆయన కూర్చున్న తీరు గుర్తొచ్చింది.

నోరు తెరిచి చెప్పొచ్చు. “వద్దు అంకుల్, ఇది మీకు మంచిది కాదు” అంటే సరిపోయేది. వాళ్ళందరి ముందు ఆ మాట నా గొంతు దాటలేదు. చేతిని మాత్రం ఆపగలిగాను. పట్టు తగిలిన చోట తాడు వదిలేశాను. రెండోసారీ అంతే. మూడోసారి పళ్ళు బిగబట్టి, మూలిగి మరీ వదిలేశాను. షాపు ముసలాయన మెషీన్‌ని కాకుండా నా చేతినే చూస్తున్నాడు. చిన్న మెషీన్‌ని ముందుకి తోసి వైరు తగిలించాడు. బటన్ నొక్కాను. అది వెంటనే గుర్రుమంది.

“టెస్ట్ ఫెయిల్” అన్నారు అంకుల్ పెద్దదాన్ని చూస్తూ. ఆయన ముఖం చిన్నబోయింది. ఆంటీ నా చేతులు తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ, “పాపం, ఎర్రగా కందిపోయాయి చూడండి” అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చిన్నదాన్నే ఇంటికి తెచ్చాం. ఆంటీ దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, సైడ్‌వాక్ అంచున కొబ్బరికాయ కొట్టింది. గరాజ్ నిండా సామాన్లు ఉండటంతో మెషీన్ నా తలుపు పక్కనున్న షెడ్‌లో చేరింది. దగ్గరలో ప్లగ్ పాయింట్ నా గదిలోనే ఉంది. అలా నాకో పని దొరికింది. మంచు పడ్డ పొద్దున అంకుల్ కిటికీ మీద రెండుసార్లు తట్టేవారు. కిటికీ సందులోంచి వచ్చిన వైరుని ప్లగ్‌లో పెట్టేదాన్ని. ఆయన బటన్ నొక్కేవారు. “తీసెయ్!” అనగానే తీసేసేదాన్ని. బేస్‌మెంట్ కిటికీలోంచి ఆయన బూట్లు మాత్రమే కనిపించేవి. కాఫీ కలుపుకుంటూ ఆ బూట్లనే చూసేదాన్ని. తొందర లేకుండా, బండి వెనక నడిచినట్టు నడిచేవి. నా గడప ముందు దారి ఇప్పుడు ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు.

జనవరిలో ఒకరోజు కిటికీ తట్టారు, వైరు పెట్టాను. మెషీన్ పలకలేదు. తీసి మళ్ళీ పెట్టాను. ఊహుఁ. వైరు ఎక్కడో తెగినట్టుంది.

“చూశావా, నేను చెప్పలా? ఎక్కువ భాగాలు!” అని బయటి నుంచి వినిపించింది. ఆ తర్వాత బూట్లు రెండూ ఎడంగా, గట్టిగా నేలకి ఆనాయి. ఆయన తాడు లాగబోతున్నారు.

చెప్పులు కూడా వేసుకోకుండా, సాక్స్‌తోనే మంచులోకి పరిగెత్తాను. “అంకుల్, ఆగండి!” అని పిడి ఆయన చేతిలోంచి లాక్కున్నాను. మెల్లగా లాగి, పట్టు తగిలాక ఒక్క గుంజు గుంజాను. స్టార్ట్ అయింది.

ఆయన నన్ను చూశారు. తాడుని చూశారు.

“ఇది చిన్నది కదా అంకుల్, తేలిగ్గా వచ్చేసింది” అన్నాను.

“ఊఁ” అన్నారు. “లోపలికెళ్ళు, కాళ్ళు తడిశాయి.”

సాయంత్రం కొత్త వైరు తెచ్చారు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చదువయ్యాక నాకు దూరంగా ఫ్రిస్కో అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ప్లగ్ పెట్టే డ్యూటీ ఆంటీకి అప్పగించాను. తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఆంటీయే మాట్లాడేది. అంకుల్ ఫోన్లో మాట్లాడే మనిషి కాదు. ఇంకో మూడు చలికాలాలు ఆ బటనే నొక్కారాయన. నాలుగో ఏడు వేసవిలో, ఒక మధ్యాహ్నం కునుకు తీస్తూ వెళ్ళిపోయారు. ఫోన్ పెట్టేశాక డైరీ తీశాను కానీ ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఫ్రిస్కోకి బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్ట్‌లో దింపింది ఆయనే. సూట్‌కేసులు దింపుకున్నాక వంగి కాళ్ళకు దండం పెట్టబోయాను. “ఇక్కడ వద్దులేమ్మా, అందరూ చూస్తారు” అని నా తల మీద చెయ్యి పెట్టారు. తర్వాత కారెక్కి, అద్దం దించి, నవ్వు ఆపుకుంటూ అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాటలవే.

“ఆ రోజు షాపులో తాడు మూడుసార్లూ ఒకేచోట ఆపావమ్మా. నిజంగా చేతకానివాళ్ళకి ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది.”