నా చెవికి చిన్నాయన చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం తలస్నానం చేసి చేవెళ్ల దగ్గర మా ఊరు హిమాయత్‌నగర్‌లోని చర్చికి వెళ్లేసరికి కుడి చెవి దిమ్మెక్కి మూసుకుపోయింది. అక్కడ పాట ఎత్తేది నేనే. నా గొంతు నాకే సరిగ్గా వినబడక శ్రుతి తప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నా పక్కన నిలబడి పాడేది మా చిన్నాయన. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ. నాన్న పోయాక నాకు పెద్దదిక్కు ఆయనే. "గులిమి గట్టిపడ్డది బిడ్డా. రెండు నిమిషాల పని, దవాఖాన ఎందుకు?" అన్నాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, సన్నని కొక్కెం లోపలికి పెట్టాడు. నల్లటి ముద్ద వచ్చింది. వెంటనే ప్రాణం పోయేంత నొప్పి, దూదికి రక్తం. "గంతే, తగ్గుతది" అన్నాడు. ఇంకెవరైనా అయితే గొడవ పెట్టుకునేదాన్ని. ఆయన కాబట్టి నమ్మాను.

వారం తిరిగేసరికి చీము, చెవిలో ఒకటే హోరు. ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ చిన్నాయన లేచి, "మూసుకపోయిన మా సునీత చెవిని దేవుడు నా చేత తెరిపించిండు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెవిలో దూది పెట్టుకుని నేనూ కొట్టాను.

మర్నాడు షేర్ ఆటోలో చేవెళ్ల వెళ్లాను. ఈఎన్‌టీ డాక్టరమ్మ చూసి, "ఇయర్‌డ్రమ్‌కు పర్ఫొరేషన్ అయింది, చిల్లు పడ్డది. ఏం పెట్టిన్రు?" అంది. రోజూ ఇయర్‌బడ్ పెట్టుకునే అలవాటుతో సహా ఉన్నది చెప్పాను. "రోజూ ఇయర్‌బడ్ పెట్టి వాక్స్‌ను మీరే లోపలికి నెట్టుకున్నరు. డ్రాప్స్‌తో మెత్తబడి పోయేదానికి కొక్కెం ఎందుకమ్మా?" యాంటీబయాటిక్స్ రాసి, చెవికి చుక్క నీరు తగలొద్దంది. మానకపోతే ఆపరేషన్ అంది.

చీటీ చూపిస్తే చిన్నాయన ముఖం తిప్పుకున్నాడు. "నేనేం చేసిన? పిన్నీసు నువ్వే పెట్టుకున్నవేమో. జర నా పేరు ఖరాబ్ చెయ్యకు." చెవి నొప్పి ఓర్చుకున్నాను గానీ ఆ మాట ఓర్చుకోలేకపోయాను.

మధ్యలో జలుబు చేసి మళ్లీ చీము పట్టింది. మూడు నెలలకు రంధ్రం పూడింది. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షలో కుడివైపు కొంచెం తక్కువే వచ్చింది. మళ్లీ పాట ఎత్తుతున్నాను.

ఆమధ్య మా వీధి అవ్వ ఒకామె, "నా చెవి గూడ మీ చిన్నాయనతోనే తీపిచ్చుకుంట. నీది బాగు చేసిండు గద" అంది. నేను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి. ఆ ఆదివారం సాక్ష్యానికి లేచాను.

"నా చెవికి చిల్లు పడ్డది. మూసుకపోతే చెవి డాక్టర్‌కు చూపిచ్చుకోండ్రి. లోపల ఏదీ పెట్టొద్దు, ఎవల్నీ పెట్టనియ్యొద్దు. ప్రార్థన చేసి పెట్టినా సరే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవ్వ మాత్రం నాతో చేవెళ్ల వచ్చింది. చిన్నాయన ఇప్పుడు వెనక వరుసలో పాడుతున్నాడు. ఆయన గొంతు లేని పక్క నాకింకా అలవాటు కాలేదు.